ఖాళీ మాస్టారు

మా స్కూల్లో డ్రాయింగు చెప్పే మాస్టారిని పిల్లలు ఖాళీ మాస్టారు అంటారు. పెద్దవాళ్లూ అదే అంటారు, కాకపోతే అతను పక్కన లేనప్పుడు. ఈ పేరెలా వచ్చిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఎవరి కథా నమ్మకండి. అసలు సంగతి నాకు తెలుసు. తెలియక ఛస్తానా, అతను నా బావమరిది. పైగా ఆ పేరులో సగం పాపం నాది.

నేను అదే స్కూల్లో లెక్కలు చెబుతాను. పంతొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. పిల్లలు నాకూ ఒక పేరు పెట్టే ఉంటారు, అదేమిటో తెలుసుకోవాలన్న సరదా నాకు లేదు.

స్కూల్లోకి రాకముందు మా బావమరిది బోర్డులు రాసేవాడు. షాపుల మీద, డాక్టర్ల గేట్ల మీద, లారీల వెనక, ఎక్కడ చూసినా అతని చేతి అక్షరాలే ఉండేవి. అతను రాసిన తలకట్టు కాస్త గర్వంగా పైకి లేచి ఉంటుంది, చూడగానే పోల్చుకోవచ్చు. మనిషి మాత్రం ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. వృత్తిలో అతనికి ఒకటే నియమం. చీటీలో ఏముంటే అది రాయాలి. ఒక్క అక్షరం కూడా సొంతంగా కలపకూడదు, తీయకూడదు. ఆ నియమం వల్ల ఒకసారి పెద్ద గొడవే అయింది. మంగలి షాపాయన చీటీ మీద ‘హెయిర్ కటింగ్ సెలూన్, కింద చిన్న అక్షరాలతో ఏసీ కలదు’ అని రాసిచ్చాడు. మావాడు ఆ మొత్తం రాశాడు. ‘కింద చిన్న అక్షరాలతో’ అన్నది కూడా రాశాడు, అదీ పెద్ద అక్షరాలతో. షాపాయన తలపట్టుకుని “ఇదేంటయ్యా బాబూ!” అంటే, మావాడు జేబులోంచి చీటీ తీసి చూపించాడు. మొదట తిట్లూ శాపనార్థాలూ నడిచాయి. ఆ తర్వాత బోర్డు చూసి నవ్వడానికి వచ్చినవాళ్లు అలాగే లోపలికెళ్లి క్రాఫు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఆ బోర్డు ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంతలో ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే మధ్యాహ్నానికల్లా గోడంత బోర్డు అచ్చు వేసి చేతిలో పెడుతున్నారు. మా బావమరిది కుంచెలు డబ్బాలో నిలబడి ఎండిపోయాయి. ఒకరోజు మా ఆవిడ నా కంచం ముందు కూర్చుని, “ఏవండీ, మీ స్కూల్లో డ్రాయింగు మాస్టారు లేరుగా?” అంది.

“లేరు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.”

“మా తమ్ముణ్ని పెట్టించండి.”

అడగటంలా లేదు, ఆర్డరు వేసినట్టుంది. మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. ఇంక నేను నోరెత్తితే ఒట్టు. మర్నాడే తీసుకెళ్లి హెడ్మాస్టారి ముందు నిలబెట్టాను.

హెడ్మాస్టారు మంచివాడే, కానీ ప్రతిదానికీ ఒక ఉపయోగం కనబడాలాయనకి. “పిల్లలకి ఏం నేర్పుతావయ్యా?” అని అడిగాడు.

“చూడ్డం నేర్పుతానండి,” అన్నాడు మావాడు.

“చూడ్డమా? కళ్లున్న ప్రతివాడూ చూస్తాడు. దానికి మళ్లీ మాస్టారెందుకు?”

నేను బల్ల చాటున అతని కాలు తొక్కాను. అతను వంగి తన కాలి మీద పడ్డ అచ్చు చూసి, “బావా, మీ చెప్పు అడుగు భలే ఉందే,” అన్నాడు. ఏదో ఉద్యోగం వచ్చిందంటే అది నా మొహం చూసి వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి వారానికి ఒక్కో పీరియడు. అంతే.

మొదటి నెలంతా గీతలే గీయించాడు. పువ్వు లేదు, కొండ లేదు, కొండల మధ్య సూర్యుడు అసలే లేడు. ఉత్త గీతలు. అవైనా స్కేలుతో కాదు. “కోపమొచ్చిన గీత గీయండి,” అనేవాడు. పిల్లలు కాగితం చిరిగేలా గీసేవాళ్లు. “నిద్రొస్తున్న గీత గీయండి,” అంటే మెల్లగా వాలిపోయేది పెన్సిలు. “లెక్కల పీరియడు గీత,” అన్నాడట ఒకరోజు. ఆరో తరగతంతా ఒకే గీత గీసింది. తిన్నగా బయలుదేరి, సగం దూరం వెళ్లాక ఒక్కసారిగా కిందికి పడిపోయింది. అప్పుడు ఆరో తరగతిలో మా అమ్మాయి కూడా ఉంది. ఆ గీత ఇంటికి తెచ్చి వాళ్లమ్మకి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను.

నెలాఖరుకి ఒక తండ్రి, వృత్తి రీత్యా టైలరు, కొడుకు నోటుబుక్కు పట్టుకుని స్కూలు మీదికి వచ్చాడు. “మావాడు నెలరోజుల నుంచి గీతలే గీస్తున్నాడండీ! పువ్వెప్పుడు గీస్తాడు?”

“మీరు గుడ్డ కత్తిరించే ముందు దాని మీద ఏం గీస్తారండీ?” అని అడిగాడు మా బావమరిది.

“ఏం గీస్తాం, సుద్దతో గీత గీస్తాం.”

“అది పక్కకి పోతే?”

టైలరు నోటుబుక్కు మూశాడు. “చొక్కా పోతుంది,” అన్నాడు. నోటుబుక్కు కొడుక్కి తిరిగిచ్చి వెళ్లిపోయాడు.

గీతల తర్వాత ఆకారాలు వచ్చాయి. ఆ తర్వాత గరుకూ నునుపూ వచ్చాయి. కాగితం దేని మీదైనా పరిచి పైన పెన్సిలుతో అడ్డంగా రుద్దితే కింద ఉన్నదాని పోలిక కాగితం మీదికి వస్తుంది. పిల్లలు స్కూలంతా రుద్దేశారు. గోడలు, బెంచీలు, గంట, నీళ్ల కుళాయి, అటెండరు సైకిలు సీటు, ఏదీ వదల్లేదు. నేను స్టాఫు రూములో బల్ల కింద చెప్పులు విడిచి కాగితాలు దిద్దుకుంటుంటే, ఎవరొచ్చారో ఎలా వచ్చారో, నా చెప్పు అడుగు కూడా రుద్దుకుపోయారు. రెండురోజుల తర్వాత వరండా గోడ మీద వరసగా అంటించిన కాగితాల్లో అది కనిపించింది. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో ‘లెక్కల సార్ – గరుకు’ అని ఉంది. చేతిరాత మా అమ్మాయిది.

వెలుగునీడల పాఠం మరీ ముదిరింది. “కళ్లు సగం మూసి చూడండి. చిల్లర వివరాలన్నీ పోతాయి. ఎక్కడ వెలుగుందో ఎక్కడ నీడుందో అదొక్కటే మిగులుతుంది,” అని నేర్పాడు. పిల్లలకి ఏదైనా నచ్చితే దాన్ని పట్టుకుని వదుల్తారా? సోమవారం ఉదయం ప్రార్థనలో హెడ్మాస్టారు క్రమశిక్షణ గురించి మాట్లాడుతుంటే మూడు తరగతుల పిల్లలు, నూటపాతికమంది, కళ్లు చికిలించి ఆయన్నే చూస్తున్నారు. ఆయన తడబడ్డాడు. కళ్లకలక అంటుకుందనుకుని మర్నాడే కళ్ల డాక్టర్ని రప్పించాడు. డాక్టరు అందర్నీ పరీక్ష చేసి, పిల్లల కళ్లు శుభ్రంగా ఉన్నాయని, కళ్లజోడు అవసరమున్నది హెడ్మాస్టారికేనని తేల్చి వెళ్లాడు. ఆ రోజు నుంచి హెడ్మాస్టారికి మా బావమరిది అంటే లోలోపల ఒక మంట.

నిజం చెప్పాలంటే ఒక్కోసారి వరండాలో ఆగి అతని పాఠం వినేవాణ్ని. ఎవరైనా బొమ్మంతా ఒక మూలకి కుక్కేస్తే, “అయ్యయ్యో, పేజీ ఒరిగిపోతోంది, పట్టుకోండి పట్టుకోండి!” అంటూ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని తను కూడా పక్కకి ఒరిగేవాడు. పిల్లలు విరగబడి నవ్వేవాళ్లు. ఆ తర్వాత రెండోవైపు ఒక చిన్న పిట్టనో రాయినో పెట్టేవాళ్లు. పేజీ నిలబడేది. “చిన్న పిట్టకి అంత బరువెలా వచ్చిందర్రా?” అని అడిగేవాడు. “ఒక్కతే ఉంది కద్సార్!” అనేవాళ్లు పిల్లలు. త్రాసు గురించి నేను వారం రోజులు చెప్పినా బుర్రకెక్కని వాళ్లే వీళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఇక ఆ పేరు సంగతి. రెండో ఏడాది స్కూలు తెరిచే ముందు స్టాఫు రూముకి కొత్త టైంటేబులు బోర్డు కావాల్సి వచ్చింది. చేతిలో బోర్డులు రాసేవాడుండగా బయటికెందుకని మావాడికే అప్పగించారు. గుమాస్తా చీటీ రాసిచ్చాడు. మూడు డ్రాయింగు పీరియడ్లలో ఏది ఏ తరగతికివ్వాలో హెడ్మాస్టారు ఇంకా తేల్చలేదు కాబట్టి, ఆ మూడు గళ్లనీ ప్రస్తుతానికి వదిలేయమని చెప్పడానికి వాటిలో ‘ఖాళీ’ అని రాశాడు. మీకు అర్థమైపోయే ఉంటుంది. బోర్డు తయారై వచ్చింది. నల్ల పలక మీద తెల్ల అక్షరాలు, చూస్తే కళ్లకి పండగ. మంగళవారం రెండో పీరియడు, బుధవారం ఐదో పీరియడు, గురువారం నాలుగో పీరియడు గళ్లల్లో మాత్రం ఎర్ర రంగుతో, నీడతో సహా, తలకట్టులాగే గుడిదీర్ఘం కూడా గర్వంగా పైకి లేపి, ‘ఖాళీ’.

“ఇదేంట్రా?” అన్నాను.

“చీటీలో అదే ఉంది బావా.”

“అది నీ పీరియడురా!”

“నాకు తెలుసు. కానీ చీటీలో అదే ఉంది.”

గుమాస్తా దిద్దుదామన్నాడు, మర్చిపోయాడు. హెడ్మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. బోర్డు ఎనామెల్ రంగుతో రాసింది, తుడిస్తే పోదు. మావాడు తనంతట తను దిద్దడు, ఎందుకంటే చీటీ లేదు.

నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి. నాకు పోర్షను ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఒక గురువారం బోర్డు ముందు నిలబడి చూస్తే నాలుగో పీరియడు ఖాళీ అని ఉంది. అది ఎవరిదో నాకు తెలీదా? తెలుసు. అయినా తరగతిలోకెళ్లి, “బావమరిదీ, ఎలాగూ ఖాళీయేగా, నేను తీసుకుంటాను,” అన్నాను. అది జోకనుకున్నాను. పిల్లలు మూలిగారు. అతను సుద్దముక్క జేబులో వేసుకుని, “పర్లేదు బావా, తీసుకోండి,” అని వరండాలోకెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత వారం కూడా తీసుకున్నాను. నన్ను చూసి సైన్సు మాస్టారు, ఆయన్ని చూసి ఇంకొకరు. ఖాళీ పీరియడు మాస్టారు కాస్తా ఖాళీ మాస్టారయ్యాడు.

దాదాపు రెండేళ్లు అలాగే గడిచాయి. ఈ ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలు లెక్కల్లో బాగా దెబ్బతిన్నారు. హెడ్మాస్టారు నన్ను పిలిచి సంజాయిషీ అడిగాడు. నేను సంజాయిషీ బదులు అర్జీ రాసిచ్చాను. ‘డ్రాయింగు పీరియడ్లు ఎలాగూ ఖాళీగా ఉంటున్నందున వాటిని లెక్కలకు కేటాయించగలరని మనవి.’

హెడ్మాస్టారి మొహం వెలిగిపోయింది. “బాగుంది మాస్టారూ! మూడు పీరియడ్లూ మీకిచ్చేస్తే ఇంక డ్రాయింగు పోస్టే అక్కర్లేదు. స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారికి ఇవాళే పంపిస్తాను.”

పంతొమ్మిదేళ్లుగా తీసివేతలు నేర్పుతున్నవాణ్ని. మూడులోంచి మూడు తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తట్టలేదు. “అబ్బే, నా ఉద్దేశం అది కాదండీ,” అంటూ కాగితం వెనక్కి తీసుకోబోయాను. ఆయన కొత్త కళ్లజోడు సర్దుకుని దాన్ని ఫైల్లో పెట్టేశాడు. ప్రెసిడెంటు గారు గురువారం స్వయంగా వచ్చి, ఆ ఖాళీ పీరియడేమిటో ఒకసారి చూసి, సంతకం పెట్టి వెళతారని సాయంత్రానికి కబురొచ్చింది.

ఆ సంగతి నాకంటే ముందు మా ఇంటికి చేరింది. మా ఆవిడ తలుపు తీసి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

“మా తమ్ముడి నోటి దగ్గర కూడు లాక్కుని మీరు త్రిభుజాలు చెప్పుకుంటారా?”

“నేనలా అనుకోలేదే.”

“మీరు అనుకునేదెప్పుడు, అన్నీ అయ్యాక!”

అంతే, మాటలు బంద్. కంచం పెట్టేది, నీళ్లు పెట్టేది, వెళ్లిపోయేది. ఏదైనా కావాలంటే అమ్మాయితో చెప్పించేది. “నాన్నా, గొడుగు తీసుకెళ్లమంటోంది అమ్మ. తడిస్తే తడవనీ అని కూడా అంది.” మా ఆవిడ అరిస్తే భరించగలను. అరవకపోతేనే కష్టం.

మంగళవారం సాయంత్రం గంట కొట్టాక అతని దగ్గరికెళ్లాను. ఎనిమిదో తరగతి గదిలో మా అమ్మాయీ అతనూ ఉన్నారు. బల్ల మీద స్టాఫు రూములోని పాత కర్ర కుర్చీ, ఒక చెయ్యి ఎప్పుడో విరిగిపోయిందే, ఆ కుర్చీ ఎక్కించి ఉంది. మా అమ్మాయి కళ్లు చికిలించి దాన్నే చూస్తూ గీస్తోంది.

“ఒరేయ్, నేనో పని చేశాను,” అన్నాను.

“అక్క చెప్పింది బావా.”

“కోపం లేదా నీకు?”

అతను కుర్చీని కొంచెం పక్కకి తిప్పాడు. “ఉంది,” అన్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు. “ఫ్లెక్సీలవాళ్ల మీద రాలేదు బావా, వాళ్లెవరో నాకు తెలీదు. మీ మీద వచ్చింది.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నేల చూస్తూనే, “సరే, జరిగిందేదో జరిగింది. ప్రెసిడెంటు గారొచ్చినప్పుడు డ్రాయింగు జామెట్రీకి పనికొస్తుందని చెప్పు. నేను వంత పాడతాను,” అన్నాను.

“చెప్పను.”

“పోనీ చేతిరాత బాగుపడుతుందని చెప్పు.”

“అదీ చెప్పను.”

“మరేం చెబుతావు నీ బొంద?”

“చూడ్డం వస్తుందని చెబుతాను. మొదటిరోజు ఏం చెప్పానో అదే.”

మొండిఘటం. వాళ్లక్క పోలిక. నేను విసుక్కుని మా అమ్మాయి కాగితంలోకి తొంగిచూశాను. అందులో కుర్చీ లేదు. అడ్డదిడ్డంగా కొన్ని నల్లటి ముక్కలున్నాయి.

“కుర్చీ ఏదే?”

“కుర్చీ గీయట్లేదు నాన్నా. కుర్చీ లేని చోటు గీస్తున్నాం. ఖాళీ పాఠం ఇది.” ఇంకో ముక్క నలుపు చేసింది. “ఇందులో ఎన్ని ఖాళీలున్నాయో చెప్పు.”

లెక్కపెట్టమంటే నాకు హుషారొస్తుంది. వీపు ఆనించే చోట కర్రల మధ్య నాలుగు, చెయ్యి కింద ఒకటి. “ఐదు,” అన్నాను.

“తొమ్మిది!”

“ఐదే.”

“బావా, కూర్చుని గీయండి,” అంటూ మా బావమరిది ఒక కాగితం నా ముందు పెట్టాడు. పంతానికి పోయి కూర్చున్నాను. స్కేలు తీసుకుని నాలుగు కాళ్లు సమానంగా, సీటు చతురస్రంగా, చేతులు రెండూ పెట్టి చక్కగా గీశాను. మా అమ్మాయి చూసి పకపకా నవ్వింది.

“నాన్నా, దానికి ఒకటే చెయ్యి! నువ్వసలు చూడట్లేదు. నీకు తెలిసింది గీసేస్తున్నావు.”

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

గురువారం ప్రెసిడెంటు గారొచ్చారు. ఆయనకి టింబరు డిపో ఉంది. భారీ మనిషి, భారీ గొంతు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల కోటు వేసుకుంటారు. నాలుగో పీరియడు గంట కాగానే హెడ్మాస్టారు ఆయన్ని ఎనిమిదో తరగతికి తీసుకొచ్చాడు. వెనక నేను. సంతకం పెట్టాల్సిన కాగితం హెడ్మాస్టారి చేతిలో ఉంది, నా చేతిరాతతో.

“ఇదేనా ఖాళీ పీరియడు?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“అవునండి,” అన్నాడు మా బావమరిది. “ఇవాళ పాఠం కూడా అదే. మీరు ఆ కుర్చీలో కూర్చుంటే మొదలుపెడతాం.”

ఆయన గౌరవం చేస్తున్నారనుకుని వెళ్లి కింద వేసిన ఒంటిచేతి కుర్చీలో కూర్చున్నారు. నలభైమంది పిల్లలూ ఒక్కసారిగా కళ్లు చికిలించారు. హెడ్మాస్టారు నా మోచెయ్యి గిల్లాడు. ప్రెసిడెంటు గారు ఏదో అడగడానికి ముందుకి వంగారు.

“సార్, కదలకండి!” అంది మా అమ్మాయి.

ఆయనతో కదలొద్దని చెప్పినవాళ్లు ఈమధ్య ఎవరూ ఉండుండరు. ఆయన ఆశ్చర్యపోయి నిజంగానే కదలడం మానేశారు. ఇరవై నిమిషాలు. డిపోలో దుంగల్ని గదమాయించే మనిషి, ముక్కు దురద పెట్టినా గోక్కోకుండా కూర్చున్నారు. ఒక్క పెన్సిళ్ల చప్పుడే వినిపించింది.

గంట కొట్టగానే ఆయన లేచి కాగితాలు అందుకున్నారు. అన్నింట్లోనూ చుట్టూ నల్లగా పెన్సిలు రుద్ది ఉంది. మధ్యలో తెల్లటి కాగితం అలాగే వదిలేసి ఉంది.

“నేనేడీ?” అన్నారు.

“మీరు ఖాళీలో ఉన్నారు సార్,” అన్నాడు ముందు బెంచీ కుర్రాడొకడు.

హెడ్మాస్టారు కళ్లు మూసుకున్నాడు. ఈసారి పూర్తిగా.

“కళ్లు సగం మూసి చూడండి,” అన్నాడు మా బావమరిది మెల్లగా. ప్రెసిడెంటు గారు అనుమానంగానే చికిలించారు. చాలాసేపు చూశారు. ఆ కాగితం కింద పెట్టి ఇంకొకటి తీశారు. మరొకటి తీశారు.

“ఎడం పక్కన ఇదేంటి? అందరూ ఇలాగే వేశారే?”

మా అమ్మాయి లేచి నిలబడింది. “మీ చెయ్యికీ నడుముకీ మధ్య ఉన్న ఖాళీ సార్. కుడిపక్కన సన్నగా ఉంది. ఎడంపక్కన వంకరగా, పెద్దదిగా ఉంది. మీ ఎడం చెయ్యి లోపలికి రాదు కద్సార్?”

ఇంక సంతకం పెట్టకుండా పోతారా అనుకున్నాను.

ఆయన కోటు చేతిని ఒకసారి తడుముకున్నారు. “పద్నాలుగేళ్లప్పుడు దుంగ దొర్లి పడిందమ్మా,” అన్నారు. ఆ భారీ గొంతు బాగా తగ్గిపోయింది. “ఎముక వంకరగా అతుక్కుంది. నలభై ఏళ్లుగా దీని మీద కోటు తొడుగుతున్నాను. నా కొడుకులకి కూడా తెలీదు. మీరు ఇరవై నిమిషాల్లో చూసేశారు.” ఒక కాగితం ఎంచి తీసుకున్నారు. “ఇది నేను తీసుకెళ్లొచ్చా?”

“తీసుకోండి సార్. కానీ ఇంకా పూర్తవలేదు,” అన్నాడు ఆ కాగితం తాలూకు కుర్రాడు.

ప్రెసిడెంటు గారు హెడ్మాస్టారి చేతిలోంచి అర్జీ తీసుకుని మళ్లీ చదివారు. “ఖాళీగా ఉంటున్నందున, అట! ఎవరు రాశారిది?”

హెడ్మాస్టారు నావైపు చూశాడు. మా బావమరిది చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మా అమ్మాయి చూసింది. కళ్లు చికిలించి కాదు, పూర్తిగా తెరిచి చూసింది.

“నేనేనండి,” అన్నాను. “లెక్క తప్పింది.”

“లెక్కల మాస్టారు మీరేగా? ఎంత తప్పింది?”

“నూట ఇరవై ఏడు పీరియడ్లు తీసుకున్నానండి అతని దగ్గర. ఖాళీ అనుకుని తీసుకున్నాను. ఖాళీ కాదని నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.” పిల్లల ముందు ఇంతకుముందెప్పుడూ తప్పు ఒప్పుకోలేదు నేను.

“మీ క్లాసులో పిల్లలు లెక్క తప్పు చేస్తే మీరేం చేస్తారు?”

“మళ్లీ చేయిస్తానండి.”

“అయితే చేయండి,” అన్నారు ప్రెసిడెంటు గారు. అర్జీని నిలువునా రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క వెనక బోర్డు దిద్దమని ఏదో గీకి మా బావమరిది చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

శుక్రవారం పొద్దున స్టాఫు రూములో బోర్డు ముందు అందరం గుమిగూడాం. పాత ‘ఖాళీ’ల మీద నల్లరంగు పూసి, ఆ మూడు గళ్లల్లో ఇరికించి ఇరికించి, అయినా అక్షరాల చుట్టూ ఊపిరాడేంత చోటు వదిలి, ఎర్రరంగుతో కొత్తగా రాసి ఉంది: ‘ఖాళీ తీసేసి డ్రాయింగు అని రాయవలెను. ఎవరూ తీసుకోరాదు. జాగ్రత్త.’

“చీటీలో అదే ఉంది,” అన్నాడు మా బావమరిది.

ఇప్పుడు నా పీరియడ్లు వారానికి రెండు చొప్పున అతనికి వెళుతున్నాయి. పిల్లలు అతన్ని ఇంకా ఖాళీ మాస్టారనే అంటున్నారు, కాకపోతే ఇప్పుడు మొహం మీదే అంటారు, అతను పలుకుతాడు. నేను మాత్రం ఆ గంటలో ఎక్కడికెళ్లాలో తోచక చివరి బెంచీలో కూర్చుంటున్నాను. స్కేలు లోపలికి రానివ్వరు. మొన్న గురువారం మళ్లీ ఆ ఒంటిచేతి కుర్చీనే బల్ల మీద ఎక్కించాడు. నేను కళ్లు చికిలించి కూర్చున్నాను. వీపు దగ్గర నాలుగు, చెయ్యి కింద ఒకటి, కాళ్ల మధ్య అడ్డకర్రకి పైనొకటి కిందొకటి, పక్కన అలాగే ఇంకో రెండు. తొమ్మిది. మా అమ్మాయి చెప్పిందే నిజం.

ఇంకా చూస్తుంటే ఇంకొకటి కనిపించింది. మా బావమరిది బల్లకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, ఎప్పట్లాగే ఎవరికీ అడ్డం రాకుండా ఒక పక్కకి. కుర్చీకీ అతనికీ మధ్య సన్నగా, పొడుగ్గా, పైన అతని భుజం వంపు తిరిగిన చోట కొంచెం విశాలంగా ఒక ఖాళీ ఉంది. రెండేళ్లు ఆ మనిషిని మెట్ల మీద కూర్చోబెట్టాను. అతని భుజం అలా కిందికి వాలి ఉంటుందని అప్పుడే చూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. చికిలించిన కళ్లు కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు.

దాన్ని కూడా నలుపు చేసి కాగితం తీసుకెళ్లి అతని చేతికిచ్చాను. “పది,” అన్నాను.

అతను లెక్కపెట్టుకున్నాడు. పదోదాని దగ్గర వేలు ఆగింది. కుర్చీ వైపు చూశాడు, తను నిలబడిన చోటు చూసుకున్నాడు, మళ్లీ కాగితం చూశాడు.

“ఇది నేను కూడా చూడలేదు బావా,” అన్నాడు.

“ఆ మాట మీ అక్కతో చెప్పు,” అన్నాను. “నాతో ఇంకా మాట్లాడట్లేదు.”